విశాఖకు నిలువుగా ఉత్తరాన

"అక్టోబరు నెల్లో కొండలెక్కడవేటే? తుపాన్ల నెల కాదేటి?"

నేనూ తమ్ముడూ నేపాల్ వెళ్లి అన్నపూర్ణ పర్వతాల చుట్టూ నడుస్తామని చెప్పగానే అమ్మ అన్న మాట ఇది. నాకు నవ్వొచ్చింది. బంగాళాఖాతంలో తుపానుకీ హిమాలయాలకీ ఏం సంబంధం? ఇరవయ్యేళ్లుగా హైస్కూల్లో సోషల్ చెబుతున్నదాన్ని కదా, అమ్మకి రుతుపవనాల పాఠం మొదలుపెట్టాను. ఆ రాత్రి పడుకోబోతూ ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే 2014 సంగతి కంటపడింది. లేచి కూర్చున్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ రోజు మేం ఎంవీపీ కాలనీ ఇంట్లో వీధి తలుపుకి బీరువా అడ్డం పెట్టి, దానికి అందరం వీపులానించి కూర్చున్నాం. మధ్యలో గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. పక్కింటాయన "అయిపోయిందర్రా" అంటూ బయటికి రాబోతే అమ్మ కేకేసి లోపలికి పంపింది. అది తుపాను కన్ను. మళ్లీ మొదలైన గాలి ఎదురు దిక్కు నుంచి కొట్టింది. తర్వాత కరెంటు లేని రాత్రులు, పాల ప్యాకెట్ల కోసం క్యూలు, చెట్లు పోయి బోడిగా మిగిలిన కైలాసగిరి. ఇవన్నీ విశాఖలో ఎవర్ని అడిగినా చెబుతారు. మా వరకు కథ అక్కడితో అయిపోయింది.

తుపానుకి మాత్రం ఇంకా కథ ఉంది. బలహీనపడి ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ మీదుగా పైకి పోయింది. పడమటి నుంచి వచ్చిన గాలుల ద్రోణి తోడై, మోసుకెళ్లిన తేమంతా అక్టోబరు 14న నేపాల్ కొండల మీద మంచుగా కుమ్మరించింది. మేం దాటుదామనుకున్న థొరాంగ్ లా కనుమ చుట్టుపక్కల, మనాంగ్, ముస్తాంగ్ జిల్లాల్లో కనీసం 43 మంది పోయారు. అందులో దాదాపు సగం మంది నడకకు వచ్చినవాళ్లే. ఎవర్ని అడిగినా 'బెస్ట్ సీజన్' అని చెప్పే అక్టోబరులోనే.

పొద్దున్నే అట్లాసు తీసి స్కేలు పెట్టాను. విశాఖ 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, థొరాంగ్ లా 83.9 మీద. మా ఇంటి నుంచి నిలువుగా గీత గీస్తే 1,200 కిలోమీటర్ల పైచిలుకు ఉత్తరాన దాదాపు అక్కడే తేలుతుంది. అమ్మకి సారీ చెప్పలేదు గానీ పాఠం మాత్రం ఆపేశాను.

మరి ఎప్పుడు వెళ్లాలి? అందరూ చెప్పేది మార్చి నుంచి మే, లేదంటే అక్టోబరు, నవంబరు. టీచరన్నాక ముందు సెలవుల పట్టిక చూసుకోవాలి. వేసవి సెలవులు మేలో. అప్పటికి కింది కొండల్లో ఎర్రగా విరగబూసే లాలీ గురాస్ పూలు చాలావరకు రాలిపోతాయి. అడవి మంటల పొగ, దుమ్ము కలిసి ఆకాశం మసకబారుతుంది. మధ్యాహ్నం అయ్యేసరికి మబ్బు పట్టి ఉరుములు. పైగా దానికోసం ఏప్రిల్ ఎండల్లో విశాఖలో మెట్లెక్కి సాధన చేయాలి, అది నావల్ల కాదు. దసరా సెలవులకి వెళ్దామంటే, నేపాల్ నుంచి రుతుపవనాలు మామూలుగా అక్టోబరు మొదట్లో గానీ వెనక్కి తగ్గవు. ఆలస్యమైతే తడుస్తూ నడవాలి. పైగా వాళ్లకి దశై అంటే మనకి సంక్రాంతి లాంటిది, ఊరికి పోయేవాళ్లతో బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. ఇక సంక్రాంతి సెలవులంటే నడి చలికాలం. మంచు గట్టిగా పడితే కనుమ మూతపడుతుంది, పై లాడ్జీల్లో చాలామంది తాళం వేసి కిందికి దిగిపోతారు.

నా సెలవుల్లో ఒక్కటీ కొండకి నచ్చలేదు. దీపావళి దాటాక హాఫ్ పే లీవు పెట్టాను. హెడ్మాస్టరు గారు కాగితం చూసి "ట్రెక్కింగ్ అని రాయకండి మేడమ్, ముక్తినాథ్ యాత్ర అని రాయండి" అన్నారు. అబద్ధమేం కాదు. కనుమ దాటి దిగితే ఉండేది ముక్తినాథే, నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటి. ఈ మాట చెవిన పడ్డాక అమ్మ కూడా మెత్తబడింది. కార్తీక మాసం, ముక్తినాథ్ స్నానం. "సరే ఎల్లండి. రెండ్రోజులు ఎక్కువ ఎట్టుకోండి" అంది. ఆ రెండ్రోజుల సంగతి తర్వాత చెబుతాను.

సాధన అంటే సింహాచలం మెట్లే. మూడు నెలలు, ఆదివారం తెల్లవారుజామున, వీపున రెండు లీటర్ల నీళ్ల సీసాలు మూడు. ఆషాఢంలో గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచేశాం. కాళ్లు గట్టిపడ్డాయి. సముద్రమట్టాన పుట్టి పెరిగిన ఊపిరితిత్తులకి మాత్రం ఏ మెట్లూ ఏమీ నేర్పలేవు. మన మన్యంలో ఎత్తైన కొండలే 1,700 మీటర్లు దాటవు, లంబసింగిలో మంచు పడితే పేపర్లో ఫొటో వేస్తారు.

మొదటి రోజు

విశాఖ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి ఖాట్మండు. విమానంలో కుడివైపు కిటికీ దొరికిందని తమ్ముడు మురిసిపోయాడు. కొండలున్నది ఎడమవైపు. థమేల్ వీధుల్లో డౌన్ జాకెట్లు, స్లీపింగ్ బ్యాగులు అద్దెకి తీసుకున్నాం. మన వంద రూపాయలకి వాళ్ల నూట అరవై. గైడు ఇక్కడే కలిశాడు. గురుంగులని అక్కడి కొండజాతి, ఆ గురుంగుల కుర్రాడు, ఇరవై ఆరేళ్లుంటాయి. నన్ను దీదీ అన్నాడు, తమ్ముణ్ని దాయి అన్నాడు. దాయి అంటే అన్న అని తెలిసి తమ్ముడు మురిసిపోయాడు, ఇంట్లో వాణ్ని అన్నా అని పిలిచేవాళ్లు ఒక్కరూ లేరు.

రెండో రోజు

బస్సులో బేసీసహర్. రోజంతా దుమ్ము.

మూడో రోజు

జీపులో మర్స్యాంగ్దీ నది పక్కనే పైకి, చామే దాకా. ఒకప్పుడు ఇదంతా నడకే, రోడ్డు వచ్చాక చాలామంది ఇంతవరకు జీపులోనే వస్తున్నారు. రాతిని తొలిచి వేసిన దారి, ఒక టైరు పక్కన లోయ, మీద జలపాతం చినుకులు. కళ్లు మూసుకుందామనుకున్నా గానీ జీపు ఎగిరినప్పుడల్లా అవే తెరుచుకున్నాయి.

డ్రైవరు ఒకచోట ఆపి కొండకి పడిన ఎర్రటి గాట్లు చూపించాడు, కొండచరియలు విరిగిన చోట్లు. వర్షాకాలంలో ఎందుకు రాకూడదో దానికన్నా బాగా ఎవరూ చెప్పలేరు. నిజానికి పైనున్న మనాంగ్ వర్షచ్ఛాయా ప్రాంతం. రుతుపవన మబ్బుల్ని అన్నపూర్ణ శ్రేణి దక్షిణాన్నే ఆపేస్తుంది కాబట్టి జులైలో కూడా అక్కడ వాన తక్కువ. తొమ్మిదో తరగతికి ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే పాఠమే. కాకపోతే ఆ పొడి చోటికి చేరాలంటే ఈ తడి దారినే రావాలి. దానికి తోడు 2021 జూన్‌లో ఆ వర్షచ్ఛాయలోనే భారీ వానలు పడి, ఈ నది పొంగి తాల్, చామే ఊళ్లని దెబ్బతీసింది. ఈ సంగతి కూడా ఇక నుంచి పాఠంలో చేర్చాలి.

నాలుగు, ఐదు, ఆరు

చామే 2,700 మీటర్ల దరిదాపు. ఇక్కణ్ణుంచి నడక. మొదటి రోజు పైన్ అడవి, ఆపిల్ తోటలు, తర్వాత పౌంగ్డా డాండా: నది ఒడ్డున లేచి అర్ధచంద్రాకారంలో వంగిన ఒకే ఒక్క నున్నటి రాతి గోడ. చనిపోయినవాళ్ల ఆత్మలు దాన్నెక్కి పైకి పోతాయని గురుంగుల నమ్మకం, స్వర్గద్వారి అంటారు. మా గైడు ఆ మాట చెప్పి "అందుకే మనం పక్క దారిలో వెళ్తాం" అన్నాడు.

అప్పర్ పిసాంగ్‌లో తెల్లారి కిటికీ తీస్తే ఎదురుగా అన్నపూర్ణ-2, 7,937 మీటర్లు. గొంతులో మాట రాలేదు. తమ్ముడు "అక్కా, నీళ్లు గడ్డకట్టాయి" అని సీసా ఊపి చూపించాడు. నవంబరు చలి అంటే ఇదీ. అక్టోబరు మొదట్లో వచ్చినవాళ్లకి ఇంత చలి ఉండదు, వాళ్లకి బదులుగా జనం ఎక్కువ, గదులు తక్కువ.

పిసాంగ్ నుంచి ఘ్యారు ఊరికి మలుపు మీద మలుపు ఎక్కడం. సింహాచలం మెట్లు ఇక్కడ పనికొచ్చాయి, ఇరవయ్యో అడుగుకి మాత్రం ఊపిరి అందదు. ఒక రాత్రి ఙావల్‌లో. మర్నాడు మనాంగ్, 3,540 మీటర్లు.

ఏడో రోజు

నడవని రోజు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి ఐదు వందల మీటర్లకి మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలి. పగలు పైకెక్కి, రాత్రికి కిందికొచ్చి పడుకుంటే ఇంకా మంచిది. గంగాపూర్ణ సరస్సు పైనున్న గట్టెక్కి దిగాం.

మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల ఆరోగ్య కేంద్రం ఉంది. సీజన్‌లో రోజూ మధ్యాహ్నం డాక్టర్లు ఎత్తు జబ్బు గురించి చెబుతారు. తలనొప్పితో పైకి వెళ్లొద్దు, తగ్గకపోతే దిగిపోండి, దిగడమే మందు. థొరాంగ్ లా మీద గాలిలో దొరికే ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికేదాంట్లో సగం చిల్లర అన్నారు. తమ్ముడి వేలికి ఆక్సీమీటరు పెడితే 86, నాకు 83. విశాఖలో ఈ అంకె వస్తే అంబులెన్స్ పిలుస్తారు. ఇక్కడ డాక్టరు నవ్వి పంపించేసింది.

సాయంత్రం వైఫైలో అమ్మ. "టీవీలో అల్పపీడనం అంటన్నాడే. పోర్టులో ఒకటో నంబరు ఎగరేశారంట."

ఎనిమిదో రోజు

తెల్లారేసరికి అది వాయుగుండం అయింది. మనాంగ్‌లో ఆకాశం నీలంగా, ఒక్క మబ్బు తునక లేకుండా ఉంది. బయల్దేరేవాళ్లు బయల్దేరుతున్నారు. మా పక్క గదిలో పుణే నుంచి వచ్చిన జంట మమ్మల్ని వింతగా చూశారు. ఇంత మంచి ఎండలో ఆగిపోవడమేంటని. గైడు ఏమీ అనలేదు, "మీ ఇష్టం దీదీ" అన్నాడు. ఆ మాటలో కొంచెం విసుగు ఉందనిపించింది నాకు.

నేను ఆగిపోదామన్నాను. అమ్మ ఇచ్చిన రెండ్రోజుల్లో ఒకటి వాడేశాం. రోజంతా లాడ్జి భోజనాల గదిలో రేకు పొయ్యి చుట్టూ కూర్చున్నాం. లాడ్జి ఆవిడ ఎండిన యాక్ పేడ పిడకలు రెండేసి చొప్పున లెక్కపెట్టి వేస్తోంది. మూడోది వేయమని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. మన పిడకల వాసనే, కాస్త తియ్యగా. ఆవిడకి ఫోన్‌లో వాతావరణం చూపిస్తే తల అడ్డంగా ఊపి కిటికీలోంచి గంగాపూర్ణ శిఖరం వైపు వేలు చూపించింది. శిఖరం మీంచి మంచు పొడి తోకలా ఎగురుతోంది. గైడు అనువదించాడు: "పైన గాలి ఉంది అంటోంది. మబ్బు గురించి తనకి తెలీదట."

రాత్రికి అమ్మ కబురు: ఒడిశా వైపు వెళ్లి తీరం దాటేసింది, మనకేం కాలేదు. హమ్మయ్య అనుకున్నాం.

తొమ్మిది, పది

యాక్ ఖర్కా, 4,050 మీటర్లు. చెట్లు అయిపోయాయి, గడ్డి, రాళ్లు, యాక్‌లు. మర్నాడు కొండచరియల కిందుగా థొరాంగ్ ఫేదీకి. ఫేదీ అంటే కొండపాదం. ఆ పాదమే నాలుగున్నర వేల మీటర్ల దగ్గర ఉంది.

మధ్యాహ్నం రెండింటికి దక్షిణాన లేత బూడిదరంగు పొర పరుచుకుంది. నాలుగింటికి శిఖరాలు మాయం. అన్నం, పప్పు తింటుండగా కిటికీ అద్దానికి మెత్తగా ఏదో తగలడం మొదలైంది.

అప్పుడు లెక్క వేశాను, ఎనిమిదో రోజే వేయాల్సిన లెక్క. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది 12న. ఇక్కడ మంచు పడింది 14న. రెండు రోజులు. మా వాయుగుండం తీరం దాటింది ఎనిమిదో రోజు రాత్రి. ఆ తేమ ఈ కొండలకి చేరే రోజేదంటే, సరిగ్గా ఈ రోజే. ఎండ కాస్తున్నప్పుడు మనాంగ్‌లో కూర్చుని, రావాల్సినప్పటికి నేనే తమ్ముణ్ని ఎదురు తీసుకొచ్చాను. ఆగకుండా వెళ్లిన పుణే జంట ఈ పొద్దుటికే కనుమ దాటేసి ఉంటారు. తారీఖులు రెండూ నాకు కంఠతా వచ్చు, మధ్యలో తీసివేత ఒక్కటే చేయలేదు.

తమ్ముడికి చెబితే కోప్పడలేదు. "సోషల్ టీచరువి, లెక్కలు నీ సబ్జెక్టు కాదులే" అన్నాడు.

పదకొండో రోజు

నాలుగు వేళ్ల మందం మంచు. భయపడినంత ఏమీ లేదు, ఇదేమీ హుద్‌హుద్ కాదు. అయినా మబ్బు విడలేదు, పైన దారి కనబడటం లేదు. కొందరు బయల్దేరారు, ఇద్దరు గంటన్నరలో తిరిగొచ్చారు. మేం కదల్లేదు. అమ్మ ఇచ్చిన రెండో రోజు అలా ఖర్చయింది. ఆ రోజు గుర్తున్నదల్లా కాళ్ల చలి, వెల్లుల్లి సూపు, తమ్ముడి పేకాట దొంగతనాలు.

గైడు సాయంత్రం బయటికి వెళ్లొచ్చి "రేపు నాలుగింటికి" అన్నాడు. విసుగు లేదు.

పన్నెండో రోజు

నాలుగింటికి తలలకి టార్చీలు, బూట్లకి ముళ్ల గొలుసులు. చీకట్లో ఎందుకంటే పొద్దెక్కాక కనుమ మీద గాలి నిలవనివ్వదు. పది గంటల్లోపు దాటేయాలి. సీసాలో నీళ్లు గొట్టం దగ్గర గడ్డకట్టాయి. సీసాని తలకిందులుగా పెట్టుకోవాలని గైడు చెప్పాడు. నీళ్లు పైనుంచి గడ్డకడతాయట, మూత దగ్గర తాగడానికి మిగులుతాయి. పది అడుగులు, ఆగడం. పది అడుగులు, ఆగడం. హై క్యాంపు దగ్గర తెల్లారింది. నిన్నటి మబ్బు ఆనవాలే లేదు.

తొమ్మిదింటికి పైన ఉన్నాం. 5,416 అని రాసిన బోర్డు, దాన్ని కనబడనివ్వకుండా కట్టిన ప్రార్థన జెండాలు, పక్కనే రాళ్లతో కట్టిన చిన్న టీ కొట్టు. అందరూ బోర్డు దగ్గర ఫొటోలు తీసుకుంటుంటే నేను ఆ కొట్టులోకి వెళ్లాను. పదిమంది కూర్చుంటే ఇరుకు. రాళ్ల సందుల్లోంచి వెలుగు పడుతోంది, మూలన గ్యాస్ స్టవ్వు బుస్సుమంటోంది. 2014లో ఆ రోజు దారి కనబడక జనం తలదాచుకున్నది కనుమ మీది టీ కొట్టులోనే. లోపల ఒకరినొకరు ఆనుకుని, తలుపు వైపు చూస్తూ. అంతకు రెండ్రోజుల ముందు, అదే గాలికి, మేం బీరువాకి వీపులానించి అలాగే కూర్చున్నాం. టీ మూడు గుక్కల్లోనే చల్లారిపోయింది. బయటికొచ్చి దక్షిణం ఎటో గైడుని అడిగి అటు తిరిగి నిలబడ్డాను. కొండలు తప్ప ఏమీ కనబడలేదనుకోండి.

దిగడం పదహారు వందల మీటర్లకి పైగా. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మోకాళ్లు రాత్రికి అప్పడాల్లా అయ్యాయి.

పదమూడో రోజు

ముక్తినాథ్. గుడి వెనక అర్ధచంద్రాకారపు గోడ, గోవు ముఖాల నోళ్లలోంచి నూటెనిమిది ధారలు. దర్శనానికి జీపుల్లో వచ్చిన వాళ్లలో మన భాష వినబడింది, రాజమండ్రి వాళ్లు. నన్ను చూసి ఒకావిడ "నడిచొచ్చారా? ఎందుకండీ, జీపుంది కదా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

తమ్ముడు పరుగెత్తుకుంటూ నూటెనిమిదీ పూర్తి చేసి పెదాలు నీలంగా వచ్చాడు. నేను పన్నెండో ధార దగ్గర లెక్క తప్పి మళ్లీ మొదటికొచ్చాను. నలభై దాటాక తల మొద్దుబారి, అక్కణ్ణుంచి ఏమీ తెలియలేదు. అమ్మ కోసం సీసాలో నీళ్లు పట్టుకున్నాను. కింద జ్వాలామాయి గుడిలో రాతి సందున సన్నటి నీలి మంట, పక్కనే నీటి చప్పుడు. భూమిలోంచి వచ్చే గ్యాసు అది. పిల్లలకి చెబితే నమ్మరు.

మధ్యాహ్నానికి జోమ్‌సోమ్. కాళీ గండకీ లోయలో పది పదకొండుకల్లా గాలి లేస్తుంది. ఉత్తరాన ముస్తాంగ్ పీఠభూమి ఎండకి వేడెక్కి గాలి పైకి లేస్తే, ఆ ఖాళీని నింపడానికి దక్షిణం గాలి ధవళగిరి, అన్నపూర్ణల మధ్య సందులోంచి దూసుకొస్తుంది. ఇక్కడ విమానాలు పొద్దున్నే తప్ప ఎగరవు. నది ఒడ్డున సాలగ్రామాల కోసం వంగినవాళ్ల టోపీలు ఎగిరిపోతున్నాయి.

పద్నాలుగో రోజు

బస్సులో పోఖరా. చెరువు గట్టున పుణే జంట కనిపించారు. వాళ్లు దాటిన రోజు కనుమ మీద ఎండ దంచేసిందట, ఫొటోలు చూపించారు. నీలాకాశం. తమ్ముడు నా వైపు చూడకుండా చూసుకున్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ సీసాలో నీళ్లు తులసికోటలో కొంచెం పోసి, నెత్తిన చల్లుకుంది. కనుమ గురించీ మంచు గురించీ అంతా విని, ఒక్కటే అడిగింది.

"ఆ గాలి ఏపునుంచి కొట్టిందే?"

"జోమ్‌సోమ్‌లోనా? దక్షిణం నుంచి."

"అదే," అంది సీసాకి మూత పెడుతూ. "మనేపునుంచే."